అన్నం మానకుండా: మా వంటింటి ప్రాజెక్టు డైరీ

ఈ ప్రాజెక్టులో అన్నం మానడం లేదు, రొట్టె మానడం లేదు. ఇంట్లోకి వచ్చే పిండి పదార్థాలు ఏ రూపంలో వస్తున్నాయి, పళ్లెంలో వాటి పక్కన ఏం ఉంటున్నాయి, ఈ రెండూ మార్చాలని పెట్టుకున్నాం. దానికి తోడు కూరగాయలు, పళ్లు ఏ కాలానివి ఆ కాలంలో తినేలా ఇంటికి ఒక పట్టిక తయారు చేసుకోవాలి. పని సాగినంతవరకు ఇక్కడ రాస్తూ పోతాను. ఇలాంటి పని పెట్టుకున్న మరొకరికి అక్కరకొస్తే సంతోషం.

అత్తయ్యగారి రక్తపరీక్షలో షుగరు హద్దుకు దగ్గరగా వచ్చింది. డాక్టరు ప్రస్తుతానికి మందులు రాయలేదు. తిండి, నడక చూసుకోమన్నారు. "అయితే అన్నం మానెయ్యాలా అమ్మాయ్?" అని ఆవిడ అడిగారు. చిన్నప్పటి నుంచీ తిన్న తిండి ఇప్పుడు పగబట్టిందేమో అన్న టెన్షన్ ఆ గొంతులో తెలిసిపోతోంది. ఆ బెంగ తీర్చడం కూడా ఈ ప్రాజెక్టులో పనేనని అప్పుడే అనుకున్నాను.

లెక్కకు ఆధారం

ఎవరో చెప్పిన మాటల మీద కాకుండా, నిలబడే ఆధారం ఒకటి పెట్టుకుందామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పిండి పదార్థాల మీద ఇచ్చిన మార్గదర్శకాలను తీసుకున్నాం. నాకు అందులో నచ్చిందేమిటంటే, వాళ్లు ముఖ్యంగా మాట్లాడింది నాణ్యత గురించి. పిండి పదార్థాలు ప్రధానంగా ముడి ధాన్యాలు (తవుడు, మొలక భాగం తీసెయ్యనివి), కూరగాయలు, పళ్లు, పప్పుజాతి గింజల నుంచి రావాలన్నారు. పదేళ్లు దాటిన వాళ్లెవరికైనా రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పళ్లు, వాటితోపాటు ఆహారంలో సహజంగా ఉండే పీచు కనీసం 25 గ్రాములు. 6 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 350 గ్రాములు, 21 గ్రాముల పీచు. మా బాబు ఈ వరసలోకే వస్తాడు.

చక్కెరకు అదే సంస్థ 2015లో ఇచ్చిన హద్దు ఉంది. కలిపిన చక్కెర, తేనె, పాకాలు, పళ్లరసాల్లోని చక్కెర, అన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. 2000 కిలోకేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు. గ్రాము చక్కెర 4 కిలోకేలరీలు ఇస్తుంది కాబట్టి ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. అత్తయ్యగారు అందులో 25 అన్న అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఆవిడకు ఇన్నాళ్లూ వినబడింది "ఇది తినకు, అది తినకు" అన్న మాటే. 'ఇంత తినాలి' అని చెప్పిన అంకె అదొక్కటే.

అల్మారా దింపడం

మొదటి పని, ధాన్యాలూ పిండ్లూ ఉన్న డబ్బాలన్నీ దింపి బల్ల మీద పేర్చడం. మూడు గుంపులు చేశాం. గింజ గింజగా పొట్టుతో ఉన్నవి ఒకవైపు. పాలిష్ పట్టినవి, మెత్తటి తెల్ల పిండ్లు ఒకవైపు. చక్కెర కలిపి తయారైనవి మూడోవైపు. పేర్చాక చూస్తే రెండో గుంపే బల్లను ఆక్రమించింది. బాబు డబ్బాలు మోస్తూ "అమ్మా, ఇవన్నీ తెల్లగానే ఉన్నాయేంటి?" అన్నాడు. సరిగ్గా అక్కడే అసలు విషయం ఉంది.

గోధుమ గింజనే తీసుకుంటే, బయటి తవుడు పొర గింజ బరువులో దాదాపు 14 శాతం. మొలకెత్తే భాగం మూడు శాతం లోపే. మిగిలిన 83 శాతమూ లోపలి తెల్లటి పిండి. పీచు, బి విటమిన్లు, ఇనుము, మెగ్నీషియం లాంటివి ఎక్కువగా ఉండేది ఆ తవుడులో, ఆ చిన్న మొలక భాగంలో. మిల్లులో మైదా చేసేటప్పుడు పక్కకు పోయేవి సరిగ్గా ఆ రెండే. 19వ శతాబ్దం చివర్లో రోలర్ మిల్లులు వచ్చాక ఇది చవగ్గా, భారీగా చెయ్యడం కుదిరింది. మొలక భాగంలో నూనె ఉంటుంది కాబట్టి అది ఉన్న పిండి త్వరగా ముక్కిపోతుంది, తీసేస్తే నెలల తరబడి నిలవుంటుంది. వ్యాపారానికి అది సౌకర్యం. పోయింది మాత్రం తినేవాళ్ల పళ్లెంలోంచి.

బియ్యం విషయంలో ఈ నష్టం ఎంత పెద్దదో 1890ల్లో జావాలో పనిచేసిన డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మాన్ కోళ్ల మీద చూశాడు. పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడి, బెరిబెరి లాంటి జబ్బు వచ్చింది. పొట్టు తీసి తవుడు పొర ఉంచిన బియ్యం పెట్టగానే కోలుకున్నాయి. ఆ తవుడులో ఉన్నది తర్వాత థయామిన్, అంటే బి1 విటమిన్ అని తేలింది. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. అత్తయ్యగారికి ఈ కథ చెప్తే "తవుడు పశువులకు పెట్టి మనం పిప్పి తిన్నామన్నమాట" అన్నారు. ఆ మాట నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను.

రెండో గుంపులో దేన్నీ పారెయ్యలేదు. ఉన్నవి వాడి ముగిద్దాం, కొత్తగా కొనేవి మొదటి గుంపులోంచి కొందాం అని నిర్ణయించుకున్నాం. తిండి పారేసి ఆరోగ్యం మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

లేబుళ్లు చదవడం

ఈ పనికి ఆయనా నేనూ కలిసి కూర్చున్నాం. ప్యాకెట్ ముందు వైపు రాసినవి వదిలేసి వెనక్కి తిప్పి చదవాలన్నది నియమం.

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువ ఉన్నది ముందు వస్తుంది. కాబట్టి మొదటి పేరు శుద్ధి చేసిన పిండి అయితే, ఆ తర్వాత ఎన్ని ధాన్యాల పేర్లు వచ్చినా అది ప్రధానంగా తెల్ల పిండే. గోధుమరంగు చూసి నమ్మడానికి లేదు, కారమెల్ రంగుతో కూడా ఆ రంగు వస్తుంది. చక్కెర ఒక్క పేరుతో ఉండదు. గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇలా ముక్కలుగా వస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోయి తక్కువగా కనిపిస్తుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ తియ్యగా ఉండకపోవచ్చు కానీ రక్తంలోకి చక్కెరలాగే దూసుకెళ్తుంది.

మాకు బాగా కుదిరిన కొలత పది వంతుల లెక్క. మొత్తం పిండి పదార్థాన్ని పీచుతో భాగిస్తే పది, లేదా అంతకంటే తక్కువ రావాలి. ముడి గోధుమలో సహజంగా ఉండే నిష్పత్తి దాదాపు అంతే. హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాల పరిశోధకులు 2013లో ముడి ధాన్యం పేరుతో అమ్మే సరుకులను రకరకాల కొలతలతో పోల్చి చూసినప్పుడు ఈ లెక్కే బాగా పనిచేసింది. ఇలా పాసైన వాటిలో చక్కెర, ఉప్పు కూడా తక్కువగా ఉన్నాయి. ఉదాహరణకు 100 గ్రాముల్లో 48 గ్రాముల పిండి పదార్థం, 2 గ్రాముల పీచు ఉన్న బ్రెడ్ తీసుకోండి. 24 వస్తుంది, ఫెయిల్. 44 గ్రాముల పిండి పదార్థం, 7 గ్రాముల పీచు ఉంటే 6 చిల్లర, పాస్. బాబుకు భాగహారాలు నేర్పుతున్న రోజులు కావడంతో ఈ డ్యూటీ వాడికే అప్పగించాం. సరుకులు తెచ్చినప్పుడల్లా ప్యాకెట్ తిప్పి లెక్క వేసి "పాస్" అంటేనే అల్మారాలోకి వెళ్తుంది.

బియ్యం మార్పు

ముడి బియ్యం, అంటే తవుడు పొర పోని దంపుడు బియ్యం, ఒక్కసారిగా పెడితే ఇంట్లో ఎవరూ ఇష్టంగా తినరు. అందుకే రెండు బియ్యాల వాటాలు మార్చుకుంటూ పోయాం. మొదట మూడొంతులు మామూలు బియ్యం, ఒక వంతు ముడి బియ్యం. అందరికీ అలవాటయ్యాక సగం సగం. ఇంకా అక్కడే ఉన్నాం.

రెండూ ఒకేసారి ఉడకవు. ముడి బియ్యం విడిగా కడిగి అరగంట, వీలైతే గంట నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి సగం ఉడికించాక మామూలు బియ్యం కలుపుతున్నాను. గింజ విడివిడిగా ఉంటుంది, నములుతుంటే పళ్లకు తగులుతుంది. అత్తయ్యగారికి నమలడం కష్టమవుతుందేమో అనుకున్నాను కానీ, నానబెట్టాక ఇబ్బంది లేదంటున్నారు.

నిజాయితీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పీచు లెక్కలో ముడి బియ్యం అద్భుతమేమీ కాదు. వండిన తెల్ల అన్నం 100 గ్రాముల్లో పీచు అర గ్రాము కూడా ఉండదు, ముడి బియ్యపు అన్నంలో రెండు గ్రాముల లోపే. అదే వండిన బార్లీలో నాలుగు గ్రాములకు దగ్గరగా ఉంటుంది. అందుకే వారంలో కొన్ని పూటలు అన్నం స్థానంలో బార్లీ పెట్టాం. ఉదయాలకు ఓట్స్ వచ్చాయి. ఓట్స్‌లోనూ బార్లీలోనూ బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. నీళ్లలో ఉడికించేటప్పుడు గరిటెకు జిగురుగా పట్టుకునేది అదే. కడుపులోనూ అలాగే చిక్కబడి, గ్లూకోజ్ రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కొలెస్ట్రాల్ తగ్గించడానికి పనికొస్తుందన్న ఆధారంతో 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓట్స్ ప్యాకెట్ల మీద ఆ మాట రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. 3 గ్రాములంటే పొడి ఓట్స్ దాదాపు 75 గ్రాములు. మేము నీళ్లలో కలిపేసే పొడి రకం కాకుండా మందంగా ఉండే అటుకుల రకం తీసుకుంటున్నాం. పిండి ఎంత మెత్తగా నలిగితే అంత త్వరగా జీర్ణమైపోతుంది, అందుకని.

గింజలు నానబెట్టే గిన్నె

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించింది ఇక్కడే. పీచు కోసం ధాన్యాల చుట్టూ తిరుగుతూ ఉంటాం కానీ, అసలు నిల్వ పప్పుజాతి గింజల్లో ఉంది. ఉడికిన మసూర్ 100 గ్రాముల్లో దాదాపు 8 గ్రాముల పీచు, ఉడికిన శనగల్లో ఏడున్నర. ఒక మోస్తరు కప్పు తింటే రోజు లెక్కలో సగానికి దగ్గర పడుతుంది. అవి కూడా పిండి పదార్థాలున్న తిండే, అయినా గ్లూకోజ్ నెమ్మదిగా ఎక్కుతుంది. గింజలో పిండి రేణువులు గట్టి కణ గోడల మధ్య ఉంటాయి. ఉడికించినా ఆ గోడలు చాలావరకు నిలబడే ఉంటాయి కాబట్టి ఎంజైములు లోపలికి చేరడానికి సమయం పడుతుంది. పైగా ప్రోటీన్ తోడుగా వస్తుంది. ప్రోటీన్‌లో భాగాలైన అమైనో ఆమ్లాల్లో, ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసీన్ ఈ గింజల్లో ఉంటుంది, గింజల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యాల్లో ఉంటుంది. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. 1982లో టొరంటో పరిశోధకుడు డేవిడ్ జెంకిన్స్ బృందం ఉదయం పూట మసూర్ లాంటి పప్పు పెట్టి, మధ్యాహ్న భోజనం తర్వాత గ్లూకోజ్ చూసింది. ఉదయం ముడి గోధుమ బ్రెడ్ తిన్నప్పటి కంటే మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా గ్లూకోజ్ తక్కువగానే పెరిగింది. అంటే పొద్దున తిన్నది మధ్యాహ్నం దాకా కాపు కాస్తోంది. అది చదివాకే మా ఇంట్లో గింజలు రాత్రి కూర నుంచి ఉదయానికి మారాయి.

పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు గట్టి గింజలు ఏవో ఒకటి పెద్ద గిన్నెలో నానబోస్తాం. ఉదయానికి ఉబ్బి, వేలితో నొక్కితే పొట్టు జారుతుంటుంది. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఒకేసారి ఎక్కువగా ఉడికించి, చల్లారాక చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడతాం. పని రోజుల్లో డబ్బా తీస్తే సూపో, కూరో, సలాడో క్షణాల్లో అవుతుంది. మసూర్‌కు నానబెట్టే పని కూడా లేదు, అందుకే హడావిడి రోజులకు అదే.

రాజ్మా దగ్గర మాత్రం జాగ్రత్త తప్పదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపు ప్రోటీన్ (లెక్టిన్) ఉంటుంది. సరిగ్గా ఉడకని కొన్ని గింజలు తిన్నా గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లకాచి ఉడికించాలన్నది ఎఫ్‌డీఏ సలహా. సన్నటి సెగ మీద నెమ్మదిగా ఉడికే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా నేరుగా వెయ్యకూడదు. మరుగు స్థాయికి చేరని వేడిలో ఆ విషం పోదు, పైగా పెరగవచ్చు కూడా.

గ్యాస్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పీచు పెద్దపేగులోని బ్యాక్టీరియాకు ఆహారం. ఉన్నట్టుండి ఎక్కువ పెడితే అవి ఎక్కువ వాయువు తయారుచేస్తాయి. మేము రోజుకు రెండు మూడు చెంచాల గింజలతో మొదలుపెట్టి, కడుపు సర్దుకున్న కొద్దీ పెంచుకుంటూ వచ్చాం. నీళ్లు కూడా పెంచాలి, లేకపోతే పీచే మలబద్ధకం తెస్తుంది.

చల్లార్చిన అన్నం

వండిన పిండి పదార్థాన్ని చల్లారిస్తే అందులో కొంత మళ్లీ గట్టి అల్లికగా మారి చిన్నపేగులో జీర్ణం కాకుండా పీచులా పనిచేస్తుంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో అప్పుడే వండిన తెల్ల అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములు ఉన్న ఈ జీర్ణం కాని పిండి, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేశాక 1.65 గ్రాములైంది. తిన్నవాళ్ల గ్లూకోజ్ కూడా కాస్త తక్కువగా పెరిగింది. ఉడికించి చల్లార్చిన బంగాళాదుంపల్లోనూ ఇదే జరుగుతుంది.

రెండింతలు దాటిన మాట నిజమే, కానీ కలిసొచ్చింది ఒక గ్రాము. పిడికెడు శనగలు ఇంతకంటే ఎక్కువ ఇస్తాయి. కాబట్టి మిగిలిన అన్నాన్ని మర్నాడు వాడుకోవడానికి ఇది మంచి కారణమే గానీ, ఇదే ఉపాయమని పట్టుకు కూర్చోనక్కర్లేదు. వండాక బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బతికే ఉంటాయి, గది వేడిలో గంటల తరబడి ఉంచితే పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకని అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం, మర్నాటికల్లా తినేయడం, ఒక్కసారే వేడిచెయ్యడం.

క్యారెట్ కేసు

ఒకరోజు మా ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, అమ్మకు క్యారెట్ పెట్టకండి, జీఐ ఎక్కువట" అంది. జీఐ అంటే గ్లైసెమిక్ ఇండెక్స్, తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే మంచి పాఠం దొరికింది. గ్లైసెమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. 62 రకాల ఆహారాలను కొద్దిమంది ఆరోగ్యవంతుల చేత తినిపించి, రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజ్ ఎలా పెరిగిందో చూసి, శుద్ధ గ్లూకోజ్‌ను 100గా పెట్టి అంకెలు వేశారు. ఆ మొదటి పట్టికలో క్యారెట్‌కు 92 వచ్చింది. తర్వాత చేసిన కొలతల్లో అది దాదాపు సగానికి పడిపోయింది. పాత అంకె మాత్రం జనం నోట్లో ఉండిపోయింది.

అసలు సంగతి ఇంకోటి. ఈ పరీక్షలో 50 గ్రాముల పిండి పదార్థం వచ్చేంత తినిపిస్తారు. క్యారెట్లలో అంత రావాలంటే అరకిలో పైనే తినాలి. పుచ్చకాయకూ ఇదే వర్తిస్తుంది. జీఐ 70 పైన ఉంటుంది, కానీ 100 గ్రాముల్లో పిండి పదార్థం ఏడున్నర గ్రాములే, మిగతాదంతా నీళ్లు. ఎంత తింటున్నామో కూడా లెక్కలోకి తీసుకునే గ్లైసెమిక్ లోడ్ అన్న కొలత 1997లో వచ్చింది ఇందుకే. ఇదంతా ఆడపడుచుకు వివరిస్తే "అయితే పెట్టండి, తురిమి పెట్టండి" అంది. తురిమితే తినేది ఎక్కువ, అత్తయ్యగారికి నమలడం తేలిక. అలాగే చేస్తున్నాం.

జీఐ పట్టిక పనికిరాదని కాదు. ఒకే జాతి తిండ్లను పోల్చుకోవడానికి వాడతాం, ఏ అన్నం, ఏ బ్రెడ్ అని. కూరగాయలను దానితో తూచడం మానేశాం.

ముందు ఏది, తర్వాత ఏది

ఖర్చు లేని మార్పు ఇది. 2015లో న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ వైద్య కళాశాలలో టైప్ 2 డయాబెటిస్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టారు. కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని పావుగంట తర్వాత పిండి పదార్థాలు తిన్నప్పుడు, పిండి పదార్థాలు ముందు తిన్నప్పటి కంటే గంట దగ్గర గ్లూకోజ్ 37 శాతం తక్కువగా ఉంది. 11 మంది చిన్న సంఖ్యే, కానీ చేసి చూడటానికి నష్టం లేదు కదా.

అత్తయ్యగారు తన గ్లూకోమీటర్‌తోనే చూసుకుంటామన్నారు. ఒకే రకం భోజనం, ఒకే కొలత, వరస మాత్రమే మార్చి, తిన్న గంటకు రీడింగ్ రాసుకున్నారు. కూర ముందు తిన్న రోజుల్లో రీడింగులు కిందే ఉంటున్నాయి. తిన్నాక పది నిమిషాలు నడిచిన రోజుల్లో ఇంకాస్త. ఒక్క మనిషి మీటరు చూసి శాస్త్రం చెప్పలేం, మీటర్లకు కొంత తేడా ఉంటుంది కూడా. ఆవిడకు మాత్రం తన చేతిలో తాళంచెవి ఉన్నట్టు అనిపించింది. ఈ కాగితాలు వచ్చేసారి డాక్టరుకు చూపించడానికి పక్కన పెట్టాం. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు తిండిలో ఇలాంటి మార్పులు డాక్టరును అడిగాకే చెయ్యాలి, ఎందుకంటే మందు మోతాదు పాత తిండికి సరిపోయేలా ఇచ్చి ఉంటారు.

పళ్లు, రసాలు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. నారింజ పండులో 100 గ్రాములకు రెండు గ్రాముల పైన పీచు, రసంలో దాదాపు సున్నా. చక్కెర మాత్రం అలాగే ఉంటుంది. పైగా గ్లాసు రసానికి రెండు మూడు పళ్లు పడతాయి. రసం మానేశాం, పండు ఉంచాం. అరటిపండు కాయగా ఉన్నప్పుడు ఎక్కువ పిండి, బాగా మాగాక దాదాపు అంతా చక్కెర. కాబట్టి అత్తయ్యగారికి చుక్కలు రాకముందే ఇస్తున్నాను, చుక్కలు వచ్చినవి బాబు ఓట్స్‌లోకి వెళ్తాయి. ఆ రోజు ఓట్స్‌లో చక్కెర వెయ్యనక్కర్లేదు.

కాలం పట్టిక

కాలానికి తగిన తిండి అంటే అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ, ఏ నెలలో ఏమిటని అడిగితే చాలామందిమి చెప్పలేం. ఏడాది పొడుగునా అన్నీ దొరుకుతున్నాయి మరి. ఒకరి ఊరి పట్టిక ఇంకొకరికి పనికిరాదు, వాతావరణమే వేరు. అందుకే మాది మేమే తయారు చేసుకుంటున్నాం.

కూరగాయలకు వెళ్లినప్పుడల్లా చూసేవి కొన్నే. ఏది గుట్టలుగా ఉంది, దేని ధర పోయిన వారం కంటే దిగింది, దేనికి వాసన ఉంది, ఆకులతో కాడలతో వస్తున్నవి ఏవి. ముల్లంగి, క్యారెట్ లాంటివి ఆకులతో వస్తే కోసి ఎంతో సేపు కాలేదని లెక్క, ఎందుకంటే ఆకులు ముందు వాడిపోతాయి. అమ్మేవాళ్లను "ఇది ఎప్పటిదాకా వస్తుంది?" అని అడిగితే సంతోషంగా చెప్తారు, అది కూడా రాస్తాం. గోడకు వేలాడే పన్నెండు నెలల కాగితంలో బాబు రంగు పెన్సిళ్లతో నింపుతున్నాడు. కాపు మొదలైతే లేత రంగు, ఉధృతంగా ఉంటే ముదురు రంగు.

కాలం ఎందుకు ముఖ్యమో కూరగాయను బట్టి మారుతుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదన్నది నేను నేర్చుకున్న పెద్ద విషయం.

ఆకుకూరలకు గంటలు కూడా లెక్కే. పాలకూరలో విటమిన్ సి కోసినప్పటి నుంచే తరుగుతుంది, గది వేడిలో ఉంచితే వారంలో చాలా భాగం పోతుంది. ఇవి కాలంలో, దగ్గర్లో పండినవి, తెచ్చిన రోజో మర్నాడో వండుకోవాలి. తీపి మొక్కజొన్న, పచ్చి బఠానీ కోశాక వాటిలోని చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది, అందుకే నిన్నటి కంకిలో తీపి తగ్గి చప్పబడుతుంది. టమాటా కథ వేరు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో చూపించినట్టు, టమాటాలను ఫ్రిజ్ చలిలో వారం ఉంచితే రుచికి కారణమైన వాసన పదార్థాలు తగ్గుతాయి, బయటికి తీశాక కూడా పూర్తిగా తిరిగి రావు. కాలంలో తెచ్చిన మాగిన టమాటాను మేము బల్ల మీదే ఉంచుతున్నాం.

క్యారెట్, గుమ్మడి, ఉల్లి, బంగాళాదుంప, చిలగడదుంప మాత్రం ఓర్పున్నవి. సరిగ్గా దాస్తే నెలల తరబడి పెద్దగా నష్టపోవు. ఆపిల్ కూడా అంతే. గాలిలో ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచి ఆపిల్ నిల్వచేసే పద్ధతిని 1920ల్లోనే ఇంగ్లండ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అభివృద్ధి చేశారు. కాబట్టి కాపు కాని నెలల్లో మా పట్టిక వీటి మీద నిలబడుతుంది.

ఫ్రీజర్ బఠానీని నేను తక్కువ చూడను. కోసిన కొద్ది గంటల్లో వేడి నీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు కాబట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసిన "తాజా" బఠానీ కంటే విటమిన్ సి లో అదే మెరుగ్గా ఉండొచ్చు. చక్కెర, ఉప్పు కలపనిది చూసి తెచ్చుకుంటే చాలు. బఠానీ ఉధృతంగా వచ్చిన నెలలో మేమూ ఒలిచి, రెండు నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, వెంటనే ఐస్ నీళ్లలోకి మార్చి, గుడ్డ మీద ఆరబెట్టి దాచాం. ఐస్ నీళ్ల దశ వదిలేయకూడదు, లోపలి వేడికి గింజ ఉడుకుతూనే ఉండి మెత్తబడిపోతుంది.

ఇప్పుడు పళ్లెం

2011లో హార్వర్డ్ వాళ్లు ఇచ్చిన పళ్లెం బొమ్మను కాస్త సర్దుకున్నాం. సగం కూరగాయలు, పళ్లు. పావు ముడి ధాన్యం. పావు ప్రోటీన్, మాకు అది ఎక్కువగా గింజలు, గుడ్లు, పెరుగు. ఆ బొమ్మలో బంగాళాదుంపను కూరగాయల్లో లెక్కపెట్టరు, మేమూ పెట్టడం లేదు. దుంప వండిన పూట అన్నం ఆ మేరకు తగ్గుతుంది.

అత్తయ్యగారి పళ్లెంలో అన్నం ఇంకా ఉంది. పిడికిలంత, సగం ముడి బియ్యం, కూర సగం అయ్యాక మొదలవుతుంది. "ఇది తినొచ్చా?" అని అడగడం తగ్గిపోయి, "ఇందులో పీచెంత?" అని అడుగుతున్నారు.

మిగిలి ఉన్న పనులు: కాలం పట్టికలో ఇంకా ఖాళీగా ఉన్న నెలలు నింపాలి. ముడి బియ్యం వాటా సగం దాటించి చూడాలి, బాబు ఒప్పుకుంటేనే. జొన్న గింజను పిండిగా కాకుండా గింజగానే నానబెట్టి, అన్నంలా వండే ప్రయత్నం ఈ వారాంతం మొదలవుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు డాక్టరు తేదీ ఇచ్చారు. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను, అంకె ఎటు వెళ్లినా.